జీలుగు చెట్టు ఆఖరి గెల

పోయిన నెల హైదరాబాదులో ఒక స్నేహితురాలు నారింజ రంగు వైన్ తాగించింది. నారింజ పళ్లతో చేసేది కాదట; తెల్ల ద్రాక్షను తొక్కలతో సహా పులియబెడితే ఆ రంగు వస్తుందట. తోటకు మందులు కొట్టరు, రసంలో ఏమీ కలపరు, వడకట్టరు. మసకగా, కొంచెం వగరుగా, కొంచెం పుల్లగా ఉంది. "ఇది మా జీలుగు కల్లుకు చెల్లెలే" అన్నాను. అందరూ పకపకా నవ్వారు. కొత్తగూడెం క్వార్టర్లలో పుట్టి పెరిగినదాన్ని, నవ్వితే ఊరుకుంటానా? ఏది గొప్పదో పక్కపక్కన పెట్టి తేల్చేద్దామని అదే వైన్ ఒక సీసా కొని, పాత చీరలో చుట్టి, రైలెక్కాను.

రాత్రి రైలు తెల్లవారేసరికి భద్రాచలం రోడ్డు స్టేషన్లో దించుతుంది. పేరు చూసి గుడి పక్కనే ఉందనుకోకండి, అది కొత్తగూడెం. అక్కడి నుంచి బస్సులో గంటకు పైగా కూర్చుని సారపాకలో దిగాను. ముందురోజే ఫోన్లో మాట్లాడుకున్న ఆటో డ్రైవర్ రమేష్ ఎదురొచ్చాడు. రానూపోనూ కిరాయి ఎనిమిది వందలు. "జల్దీ ఎక్కు అక్కా, ఎండెక్కితే కల్లు పులుస్తది. మీరొస్తున్నరని కన్నయ్యన్నకు నిన్ననే ఫోన్ చేసిన" అన్నాడు. జామాయిల్ తోటలు దాటాక తారురోడ్డు అయిపోయింది. ఆ తర్వాత అడవి దారిలో నా నడుము సంగతి అడక్కండి.

కన్నయ్య, ముత్తమ్మ కోయ దంపతులు. ఇంటి వెనక వాళ్లకున్నది ఒకే జీలుగు చెట్టు, తాటిచెట్టుకు దాయాది. కల్లు కారే పూగెల నా తలకు కాస్త పైనే వేలాడుతోంది, దాని కొసకు కుండ కట్టి ఉంది. కన్నయ్య పీట మీద నిలబడి కుండ దించాడు. పెద్దల పేరున నాలుగు చుక్కలు నేల మీద వదిలి, మోదుగాకు దొప్పలో నాకు పోశాడు. తియ్యగా మొదలై చివర్లో నాలుకను చిన్నగా పట్టుకుంది. సిగ్గు లేకుండా ఇంకో దొప్ప అడిగాను, ఆ తర్వాత మరొకటి.

ఇక నా సీసా బయటికి తీశాను. మూత తీసే పరికరం ఇంట్లోనే మర్చిపోయాను, నా తెలివి మండ! కన్నయ్య కత్తి పిడితో బిరడాను లోపలికే నెట్టేశాడు. ఒక గుక్క తాగి ఆలోచించాడు.

"మంచిగనే ఉంది. ఇది ఏం చెట్టుది?"

"చెట్టు కాదన్నా, ద్రాక్ష తీగ."

"తీస్తా ఉంటే తీగ సస్తదా?"

"చావదు. ఏటా కాస్తది."

"అవ్, గట్లుండాలె" అని లేచి చెట్టు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఏమైందని ముత్తమ్మను అడిగాను.

"ఇదే ఆఖరి గెల అక్కా. జీలుగుకు పైనుంచి కిందికి గెలలొస్తయి. అన్నిటికంటె కిందిది అయిపోతే చెట్టే ఎండిపోతది. చెట్టున్నన్ని రోజులు ఇంటికాడుంట, తర్వాత సారపాకల కాయితం మిల్లు పనికి పోత అన్నడు. గీ తొవ్వల రోజూ వచ్చుడు కాదు. పిల్లల్ని ఇడిసి ఆడ్నే కిరాయికుండాలె."

"ఇంకెన్నాళ్లొస్తది?"

"రోజూ కొస కోస్తేనే కల్లు కారేది. కోసినకొద్ది గెల పొట్టిగైతది. అందుకే కాయితమంత సన్నగ చెక్కుతుండు, సూస్తే నాకు నవ్వొస్తది. నిన్న మీరొస్తున్నరని ఫోనొచ్చినంక మాత్రం మందంగ కోసిండు. సుట్టానికి సాలకపోతే బాగుండదన్నడు."

నోట్లోని తీపి అక్కడే ఆగిపోయింది. "ముందే చెప్పొద్దా?" అన్నాను.

"చెప్తే తాగుతరా?" అంది.

తిరుగు బస్సులో ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఏది గొప్పదో తేల్చావా అని స్నేహితురాలు ఫోన్ చేస్తే తేల్చలేదన్నాను. వైన్ తాగేటప్పుడు నేల రుచి, ఎండ రుచి తెలుస్తాయని ఆమె అంటుంది. తెలుస్తాయేమో. నేను మూడు దొప్పల్లో తాగింది మాత్రం ఒక మనిషి తన పిల్లల దగ్గర ఉండాల్సిన రోజులు. అడిగి మరీ పోయించుకున్నాను.

మీరూ వెళ్లాలనుకుంటే చలి తగ్గే రోజుల్లో, పొద్దున్నే చేరేలా చూసుకోండి. ముందుగా ఫోన్ చేసినప్పుడు ఇంకా ఎన్ని గెలలున్నాయో అడగండి. ఆఖరిదైతే, కల్లు మీకు పడదని చెప్పి వెళ్లండి.