మా ఇంట్లో బాట వేసిన బాలమణక్క

వంటింటి గట్టు మీద స్టీలు గిన్నె పెట్టినప్పుడల్లా ఖణేల్మని వచ్చే చప్పుడులో నాకు బాలమణక్క గొంతు వినిపిస్తుంది. నిన్న సాయంత్రం పై అంతస్తులో కొత్తగా దిగిన దంపతులు పులిహోర పంపించారు. ఇంటిల్లిపాదీ తిన్నాం. గిన్నె కడిగి, అలవాటుగా గట్టు మీద బోర్లించబోయి ఆగాను. తడి తుడిచి, రెండు నిమ్మకాయలు అందులో వేసి, చెప్పులేసుకుని పైకి వెళ్ళి ఇచ్చేసి వచ్చాను. ఆ అమ్మాయిది రాజమండ్రి వైపట. "అంత తొందరేముందండీ, నిదానంగా ఇద్దురు కదా" అంది. నిదానంగా ఇద్దామనుకునే మనిషి ఇల్లు ఎలా తయారవుతుందో నాకు బాగా తెలుసు. అదంతా గుమ్మంలో నిలబడి చెప్పే కథ కాదు కాబట్టి నవ్వి వచ్చేశాను.

బాలమణక్కది గోపన్‌పల్లే. మా అపార్ట్‌మెంట్ నిలబడిన నేల ఒకప్పుడు వాళ్ళ జొన్నచేను. ఆ చేనూ, పక్కనే ఉన్న ఇల్లూ బిల్డరుకు ఇస్తే వాటాగా వచ్చిన ఫ్లాట్లలో ఒకటి మా ఎదురుగా ఉండేది, అందులో ఆమె ఉండేది. పెద్ద వాకిలి, గొడ్లకొట్టం ఉన్న ఇంట్లోంచి మూడు గదుల్లోకి వచ్చినా ఆ మూడు గదులూ ఎప్పుడు చూసినా విశాలంగా కనిపించేవి. అవే కొలతలున్న మా ఇల్లు మాత్రం సంత ముగిసిన మర్నాటి మైదానంలా ఉండేది. గట్టి గొంతు, నడుముకు దోపిన కొంగు, ఎదుటివాళ్ళు ఎంత పెద్ద ఉద్యోగంలో ఉన్నా "పిల్లా" అనే పిలుపు. నేను ఆఫీసు క్యాబ్ కోసం పరుగెడుతుంటే తలుపు దగ్గర నిలబడి, "మా జొన్నచేన్ల సోఫాలేసుకున్నరు, గా సోఫా మీద కూసునే టైమే లేదాయె మీకు" అని నవ్వేది. నాకు ఒళ్ళు మండేది. నిజం కాబట్టి కాస్త ఎక్కువే మండేది.

ఆ సోఫా మీద కూర్చోవడానికి టైము సంగతి అటుంచి, చోటు కూడా లేదు. మా ఆయన ప్రతాప్‌కీ నాకూ హైటెక్ సిటీలోనే ఉద్యోగాలు, వేర్వేరు కంపెనీల్లో. రెండు కంపెనీలూ సందు దొరికినప్పుడల్లా ఒక బ్యాగో, కప్పో, టీషర్టో ఇచ్చి పంపేవి. ఆన్‌లైన్‌లో కొన్న ప్రతి వస్తువు అట్టపెట్టెనూ, వాపసు చేయాల్సి వస్తే పనికొస్తుందని బాల్కనీ తలుపుకు ఆనించి దాచేవాళ్ళం. వస్తువు పాడై బయటికి పోయినా పెట్టె మాత్రం భద్రంగా ఉండేది. హాల్లో మా అత్తగారి ఊరు ప్రొద్దుటూరు నుంచి వచ్చిన బియ్యం బస్తాలు, పడకగదులకు వెళ్ళే దారిలో బట్టలారేసే స్టాండు, ఎక్కడ పడితే అక్కడ మా అమ్మాయి చిన్ని బొమ్మలు. వీటికి తోడు మా అత్తమ్మ సామాను. చిన్ని పుట్టినప్పుడు మాతో ఉండటానికి వస్తూ తన స్టీలు, ఇత్తడి గిన్నెలన్నీ వెంట తెచ్చుకుంది. ప్రతి గిన్నె మీదా ఇచ్చినవాళ్ళ పేరు చెక్కి ఉంటుంది. పేరున్న గిన్నెను పారేయడమంటే ఆ మనిషిని ఇంట్లోంచి వెళ్ళగొట్టినట్టేనని అత్తమ్మ లెక్క.

అన్నిటికన్నా విడ్డూరం, వంటింటి అరల్లో సగం గిన్నెలు మావి కాకపోవడం. మా అంతస్తులో ఎవరింట్లో ఏ మంచి పదార్థం చేసినా మాకు పంపేవాళ్ళు. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని అత్తమ్మ పట్టుదల. అందులో ఏదైనా వండి పెట్టే ఇవ్వాలి, అదీ వాళ్ళు పంపినదానికి తీసిపోకూడదు. వండే తీరిక నాకు లేదు, మోకాళ్ళ నొప్పులతో నిలబడే ఓపిక ఆమెకు లేదు. ఈ ఆదివారం గారెలు చేసి ఇచ్చేద్దాం అనుకునేవాళ్ళం. ఆ ఆదివారం ఎన్నడూ వచ్చేది కాదు, గిన్నెలు మాత్రం అరల్లో కాపురం పెట్టేవి. కొన్నాళ్ళకు ఇరుగుపొరుగు మాకు పంపే కూరలు, స్వీట్లు కాగితం ప్లేట్లలో రావడం మొదలైంది. మిగతా ఇళ్ళకు స్టీలు గిన్నెలే వెళ్తున్నాయని చూశాక తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మర్యాద కోసం ఇంత కష్టపడి గిన్నెలు ఎగ్గొట్టేవాళ్ళమన్న పేరు తెచ్చుకున్నాం.

ఈ సామానంతా ఒక్కసారిగా మా మెడకు చుట్టుకున్నది అత్తమ్మకు మోకాళ్ళ ఆపరేషన్ జరిగినప్పుడు. ఇంటికి వెళ్ళిన రోజు నుంచే వాకర్ పట్టుకుని పూటపూటకూ నడవాలని, మంచానికి అంటుకుపోతే ఆపరేషన్ చేసి లాభం లేదని డాక్టరు గట్టిగా చెప్పాడు. "ఇంట్లో వాకర్ తిరిగే చోటుంది కదా మేడం?" అని ఫిజియోథెరపీ అమ్మాయి అడిగితే ప్రతాప్ వెంటనే ఉందన్నాడు. తర్వాత మెల్లగా నావైపు చూశాడు. బెంగళూరులో ఉన్న మా మరిదికి మా ఇంటి సంగతి తెలుసు. "వదినా, మీ ఇంట్లో మనుషులే పక్కకు తిరిగి నడవాలి, అమ్మ వాకర్‌తో ఎట్లా తిరుగుతుంది? మా దగ్గరికి పంపించండి" అని ఫోన్ చేశాడు. తప్పేం అనలేదు. ఆ మాట అత్తమ్మ చెవిన పడింది. ఆసుపత్రి మంచం మీంచి నా చెయ్యి పట్టుకుని, "నన్ను యాడికీ పంపొద్దమ్మా. చిన్నిని ఇడిసిపెట్టి నేనుండలేను" అంది. పెళ్ళైనప్పటి నుంచి ఆమె నన్ను అడిగిన మొదటి కోరిక అది. పంపనని మాటిచ్చి ఇంటికొచ్చి, తలుపు తీసి, లోపలికి చూసి ఏడ్చేశాను.

అత్తమ్మ ఎలా ఉందో కనుక్కుందామని వచ్చిన బాలమణక్క ఆ స్థితిలో నన్ను చూసింది. సంగతి విని హాలంతా ఒకసారి కలియజూసింది. "ఏందే పిల్లా, గీ ఇంట్ల మీ అత్త నడుస్తదా, గోడలెక్కి పోతదా? ఏడ్వకు. జర ఆగు, ఇప్పుడే వస్త" అని వెళ్ళి, చనిపోయిన తన భర్త వాడిన పాత వాకర్ పట్టుకొచ్చింది. కొంగు దోపుకుని, దాన్ని పట్టుకుని, మోకాళ్ళ ఆపరేషన్ తనకే జరిగినట్టు టకటకమని మా గుమ్మంలోంచి నడవడం మొదలుపెట్టింది. నాలుగడుగులు వేసిందో లేదో చెప్పుల స్టాండుకు తగిలి ఆగింది. "మొదలు గిది." స్టాండు పక్కకు జరిగాక మళ్ళీ నడిచింది, బియ్యం బస్తా దగ్గర ఆగింది. నేను అప్పటికే ఉత్సాహంగా బీరువా తెరిచి పాత చీరలు మంచం మీద పోస్తున్నాను. గట్టిగా కేకేసింది. "అల్మార జోలికి పోకే. అల్మార్ల ఉన్నది కాళ్లకు తాకుతదా? కాళ్లకు తాకేది తియ్యాలె మొదలు."

అంతకుముందు నేను ఇల్లు సర్దాలని కూర్చున్న ప్రతిసారీ బీరువాతోనే మొదలుపెట్టి, మధ్యలో పాత ఫొటోలు దొరికి, సాయంత్రానికి ఇల్లు ఇంకా ఘోరంగా చేసి లేచేదాన్ని. బాలమణక్క దగ్గర అలాంటి వేషాలు కుదరవు. వాకర్ ఆగిన చోట ఏది అడ్డుంటే దాన్ని ఎత్తి చూపించి, "గిది ఎవ్వరిది?" అని అడిగేది. నాదంటే, "అయితే నీ అర్రల వెట్టుకో" అనేది. ప్రతాప్‌దంటే ప్రతాప్‌ని పిలిచేది. ఎవరిదో తెలియదంటే, "ఎవ్వరిది కానిది ఇంట్ల ఎందుకుంది మరి?" అని గుమ్మం బయట పెట్టించేది. అలా కంపెనీ బ్యాగులు పోయాయి, అట్టపెట్టెలు పోయాయి. బాల్కనీ తలుపు తెరుచుకుంటుందన్న సంగతే మేము మరచిపోయాం. ఆ రోజు నూనె పోసి తెరిచాం.

వంటింట్లోకి వచ్చి అరలు చూసింది. ఇరుగుపొరుగు గిన్నెలు ఎందుకు తిరిగి ఇవ్వలేదో చెప్పాను, గారెల కథతో సహా. నడుం మీద చెయ్యేసుకుని నావైపు తిరిగింది. "ఖాళీగ ఇయ్యొద్దన్నరు గని, గారెలతోనే ఇయ్యాలె అన్నరా? చిటికెడు చక్కెరేసి ఇయ్యి. ఖాళీ కాదు గద" అంది. ఇన్నేళ్ళ పెద్ద చిక్కు అంత సులభంగా విడిపోయేసరికి నాకు నవ్వొచ్చింది. చిన్ని, నేనూ గిన్నెల్లో చక్కెర వేసుకుని అంతస్తంతా తిరిగాం. కొందరు తమ గిన్నెను గుర్తు కూడా పట్టలేదు. మూల ఫ్లాటు పెద్దావిడ మాత్రం తన మూత గిన్నెను రెండు చేతులా తీసుకుని, "మా అమ్మ ఇచ్చిందమ్మా ఇది. పోయిందనే అనుకున్నా" అంది. చక్కెర నోట్లో వేసుకుని మమ్మల్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

ఇంత ఊపు మీదున్నప్పుడు ప్రతాప్‌కి ఒక ఆలోచన వచ్చింది. "అమ్మ ఆసుపత్రిలోనే ఉంది కదా, ఆమె పాత గిన్నెలు కూడా ఇప్పుడే ఇచ్చేస్తే గొడవుండదు" అన్నాడు. నాకూ ఆ మాట నచ్చింది, దాచడమెందుకు. బాలమణక్క వాకర్ వదిలేసి బియ్యం బస్తా మీద కూర్చుంది. ఆమె గొంతు తగ్గడం నేను వినడం అదే మొదలు. "వద్దు కొడుకా. ఆమె లేనప్పుడు ఆమె సామాను ముట్టొద్దు. మా ఇల్లు కూలగొట్టేటప్పుడు నేను చెల్కల పనికి వోయిన. వచ్చేసరికి నా రోలు లేదు. రోలు పోయినందుకు కాదు బాధ, నన్నొక్క మాట అడగలే. కాళ్లు బాగు చేపిచ్చి మనసు ఇరగ్గొడ్తవా మీ అమ్మకు?" అంది. ప్రతాప్ వెళ్ళి నిచ్చెన తెచ్చాడు. దారిలో ఉన్న అత్తమ్మ గిన్నెలన్నిటినీ తుడిచి, అటక మీద ఒక్కటీ తగ్గకుండా సర్దాం.

అత్తమ్మ ఇంటికి వచ్చిన రోజు నా జీవితంలో మరచిపోలేను. లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి మా అంతస్తు వాళ్ళందరూ గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. చక్కెర మహిమ. అత్తమ్మ వాకర్ పట్టుకుని గడప దాటింది, తలెత్తి చూసింది. "ఇది మన ఇల్లేనామ్మా?" అంది. టక్, అడుగు, టక్, అడుగు. హాలు దాటింది. బట్టల స్టాండు ఉండే దారిలోకి మలుపు తిరిగింది, దేనికీ తగల్లేదు. ఒక చోట ఆగి, "నా గిన్నెలు యాడ పెట్టినారు?" అని అడిగింది. నేను అటక చూపించాను. అక్కడ మెరుస్తున్న వరుసను చివరిదాకా చూసుకుని, తల ఆడించి మళ్ళీ నడిచింది. బాల్కనీ దగ్గర బాలమణక్క చేతులు కట్టుకుని కాచుకుని ఉంది. "రా అక్కా, రా. గింత దూరమే" అంటోంది. అత్తమ్మ అక్కడిదాకా వెళ్ళి కమ్మీ పట్టుకుని బయటికి చూసింది. ఎదురుగా యూనివర్సిటీ ప్రహరీ అవతల చెట్లు, కనుచూపు మేరా పచ్చగా. "ఇన్నేండ్ల నుంచి ఈడనే ఉండి, ఇన్ని చెట్లుండాయని నాకు తెలీకపాయనే" అంది. వీడియో కాల్‌లో ఇదంతా చూస్తున్న మా మరిది కళ్ళు తుడుచుకుని, "ఆడనే ఉండుమా" అన్నాడు. నేను గెలిచానని అప్పుడు అనిపించింది. సిగ్గు లేకుండా, గట్టిగా అనిపించింది.

సర్దిన ఇల్లు వారం తిరక్కుండానే మొదటికి వస్తుందని బాలమణక్కకు తెలుసు. అందుకే సాయంత్రం దీపం పెట్టే ముందు ఎవరో ఒకరు వాకర్ పట్టుకుని గుమ్మం నుంచి బాల్కనీ దాకా ఒక్కసారి నడవాలని నియమం పెట్టింది. అది దేనికి తగిలితే ఆ వస్తువు మనిషి వచ్చి తీయాలి. అత్తమ్మ వాకర్ వదిలేసి మామూలుగా నడుస్తున్నా ఆ పద్ధతి ఇప్పటికీ మానలేదు. చిన్నికి అదొక పోలీసు ఉద్యోగం. "నాన్నా, నీ ల్యాప్‌టాప్ బ్యాగ్" అని అరవడంలో దానికున్న ఆనందం ఇంకెందులోనూ లేదు.

అటక కూడా ఖాళీ అయింది, కాకపోతే అత్తమ్మ చేతులతో. బాగా నడవడం వచ్చాక ఒకరోజు తనే అన్నీ కిందికి దింపించింది. "ఇచ్చినోళ్ళ పేరు దీని మిందనే ఉంది గదా. తిరిగి ఇయ్యను నాకేం కష్టం?" అంది. తన పెళ్ళికి వాళ్ళ పిన్నమ్మ పెట్టిన ఇత్తడి బిందె, హఫీజ్‌పేట్‌లో కొత్తగా కాపురం పెట్టిన ఆ పిన్నమ్మ మనవరాలికి వెళ్ళింది. ఖాళీగా కాదు, నిండా బియ్యం, మీద పసుపు కొమ్ములు. ఆ పిల్ల బిందె మీద తన అవ్వ పేరు వేలితో తడుముతూ నిలబడిపోయింది. తిరిగొచ్చే దారంతా అత్తమ్మ పెళ్ళికి వెళ్ళొచ్చిన మనిషిలా కబుర్లు చెప్పింది.

కిందటేడు బాలమణక్క శంకర్‌పల్లి దగ్గర తమకున్న పొలంలో చిన్న ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయింది. గాలి చాలడం లేదంది. వెళ్ళే ముందు రోజు స్టీలు గిన్నెలో సర్వపిండి తెచ్చి ఇచ్చింది. ఇప్పుడే కడిగిస్తానని నేను లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టింది. "గిదొక్కటి ఉండనియ్. మీరే తెచ్చియ్యాలె. ఎవ్వరితోని పంపొద్దు." అప్పటి నుంచి ఆ గిన్నె మా ఇంటికీ ఆ పొలానికీ తిరుగుతూనే ఉంది. మేము ఓళిగలు తీసుకెళ్తే అటు నుంచి అనపకాయలు వస్తాయి. మా ఇంట్లో ఇప్పుడున్న పరాయి గిన్నె అదొక్కటే.

రోడ్డు దగ్గర కారు ఆపాక ఆమె ఇంటి దాకా చేను గట్టు మీద నడవాలి. పోయిన ఆదివారం అత్తమ్మ చేతిలో గిన్నె చూసి, బరువు కదా, ఇలా ఇవ్వమని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. దూరంగా గుమ్మంలో నడుం మీద చెయ్యేసుకుని నిలబడిన బాలమణక్కను చూస్తూ, నన్ను దాటుకుని ముందుకు నడిచింది.