చెవిన పడని కబురు

తాండూరు రామాలయంలో దేవుడికి సెలవు లేదు, కాబట్టి శ్రీహరి శర్మకూ లేదు. ముప్పై ఏళ్ల కిందట ఆ గుడి అర్చకుడు అతని అన్న సోమేశ్వర శర్మ. అన్నకు వికారాబాద్‌లో తెలుగు పంతులు ఉద్యోగం వచ్చింది. పోతూ పోతూ తాళంచెవులు తమ్ముడి చేతిలో పెట్టి, "ఒక్క నెల చూస్కో తమ్మీ, గంతలో ఎవరన్నా దొరుకుతరు" అన్నాడు. ఆ నెల ఇంకా అయిపోలేదు. గుడి కమిటీవాళ్లు వెతుకుతూనే ఉన్నామంటారు. ఉన్న మనిషి కదలకుండా ఉంటే ఇంకో మనిషిని వెతికేంత అమాయకులెవరూ ఆ కమిటీలో లేరు.

నాలుగింటికి తలుపు తీయాలి. మూలవిరాట్టుకు అభిషేకం, అలంకారం, నైవేద్యం, హారతి. పన్నెండింటికి మూస్తే మళ్లీ ఐదింటికి తెరవాలి. ప్రాణప్రతిష్ఠ చేసిన విగ్రహానికి ఒక్క పూట నైవేద్యం తప్పకూడదు. తాండూరు ఊరంతా రాయిని కోసి, నునుపు చేసి, లారీలకెత్తి బతుకుతుంది. అలాంటి ఊళ్లో రాయికి ఆకలేస్తుందని నమ్మి బతుకుతున్న మనిషి ఇతనొక్కడే. సొంత పెళ్లి కూడా అభిషేకానికీ సాయంత్రపు హారతికీ మధ్య ఇరికించి చేసుకున్నాడు. పెళ్లికూతురు శ్యామల ఆ రోజు మాత్రమే నవ్వింది, తర్వాత అలవాటు పడింది.

ఈ ఫిబ్రవరిలో అన్నకు కిడ్నీలు చెడిపోయాయి. మంగళవారం మంగళవారం మధ్యాహ్నం హారతి కాగానే శ్రీహరి వికారాబాద్ పోయి, గంటసేపు మంచం పక్కన కూర్చుని, ఉరుకులు పరుగులుగా తిరిగొచ్చేవాడు. అన్నకు భార్య పోయింది, కొడుకులు లేరు. స్కూల్లో టీచరుగా చేసే కూతురు నిఖిల ఒక్కతే. మొన్నటి మంగళవారం అన్న అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క నెల అని చెప్పి నిన్ను ముప్పయ్యేండ్లు ఆడ కట్టేసిన. తిట్టుకుంటున్నవా తమ్మీ?"

"ఊకో అన్నా."

"ఇంకొక్క పని జెయ్యి. నాకు కొరివి నువ్వే పెట్టాలె. బిడ్డ నెత్తిన వెయ్యకు, అది తట్టుకోలేదు."

శ్రీహరి అన్న చేతిలో చెయ్యి వేశాడు. అప్పటికే రోజూ అర్చనలో భక్తుల గోత్రనామాలన్నీ అయ్యాక, చివర్న అన్న పేరు కూడా చెప్పి ఆయుష్షు కోరుతున్నాడు. రోజూ వచ్చేవాళ్లందరికీ ఆ పేరు నోటికి వచ్చేసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అన్న పోతే తమ్ముడికి పది రోజుల మైల. ఆ పది రోజులూ దేవుణ్ణి ముట్టరాదు. అయితే ఆ మైల మనిషి పోయినప్పటి నుంచి కాదు, ఆ కబురు చెవిన పడినప్పటి నుంచి పట్టుకుంటుంది. విననంతవరకు మైల లేదు. దూరదేశంలో ఉన్నవాడి కోసం పెద్దలు పెట్టిన వెసులుబాటు ఇది. నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్నవాణ్ణి బంధించడానికి పనికొస్తుందని వాళ్లు అనుకుని ఉండరు.

శ్రీరామనవమి వచ్చింది. ఆ రోజు ప్రతి ఊళ్లోనూ రాముడి పెళ్లే, కొడంగల్ నుంచి పరిగి దాకా ఖాళీగా ఉన్న అర్చకుడు ఒక్కడు దొరకడు. తెల్లవారుజామున అభిషేకం చేస్తూ శ్రీహరి అన్న పేరు మామూలుగానే చెప్పుకున్నాడు. తొమ్మిదింటికి నైవేద్యం పళ్లెం వచ్చింది. తెచ్చింది శ్యామల కాదు, నాగరాణి అనే వంటావిడ.

"శ్యామల ఏది?"

"నడుం పట్టుకున్నదట అయ్యగారూ. సుధాకర్ సేటు నన్ను పిలిపించిండు" అంది నాగరాణి, పళ్లెం వైపే చూస్తూ.

ముప్పై ఏళ్లలో శ్యామల జ్వరమొచ్చినా మడి కట్టుకుని నైవేద్యం వండింది. అతను గుడి వెనక ఉన్న ఇంటివైపు తొంగి చూశాడు. శ్యామల వాకిట్లో నిలబడి ఉంది. తలస్నానం చేసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. అతను రెండడుగులు ముందుకు వేస్తే ఆమె రెండడుగులు వెనక్కి వేసి, వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. నడుం నొప్పికి ఎవరైనా మొగుణ్ణి ముట్టకుండా వెనక్కి జరుగుతారా?

శ్రీహరి అక్కడే ఆగిపోయాడు. "నా ఫోనేది?" అన్నాడు.

"చార్జింగ్ అయిపోయింది" అని లోపలికి వెళ్లిపోయింది.

ఈలోగా సుధాకర్ సేటు రానే వచ్చాడు. పప్పు మిల్లు యజమాని, కమిటీ అధ్యక్షుడు. ఎన్నడూ లేనిది శ్రీహరి భుజం మీది కండువా తన చేత్తో సర్దాడు. "అయ్యగారూ, నాలుగూళ్ల జనం వచ్చిండ్రు. రేపు పట్టాభిషేకం గూడ అయిపోనీయుండ్రి. గప్పటిదాక ఏ ఫికర్ పెట్టుకోకుండ్రి. నన్నేం అడగకుండ్రి."

అడగొద్దన్నాక ఇంకేం మిగిలింది? శ్రీహరికి ఏడుపొచ్చింది. కానీ ఏడిస్తే తెలిసినట్టే. మింగేశాడు. ఉత్సవమూర్తులను గుడి ముందు వేసిన పెళ్లిపీటల మీదికి తెచ్చాడు. రాముడికి పట్టుపంచె కట్టాడు, సీతకు బాసికం కట్టాడు. లక్ష్మణుడి మెడలో దండ వేస్తుంటే, అన్న పక్కనే నిలబడగలిగిన ఆ తమ్ముడి మీద కోపం వచ్చింది. మధ్యాహ్నం పన్నెండింటికి జీలకర్రా బెల్లం పెట్టించాడు. జనం అక్షింతలు చల్లారు. అంత గొప్పగా కల్యాణం ఎన్నడూ చూడలేదని అందరూ మెచ్చుకున్నారు.

రెండు దాటాక, తీర్థం ఇస్తూ గడప దాకా వచ్చిన శ్రీహరికి గేటు బయట నిఖిల కనిపించింది. జుట్టు తడిగా ఉంది, కాళ్లకు చెప్పులు లేవు. లోపలికి రాలేదు. అతను తీర్థం ఉద్ధరిణి చాచి గేటు దాకా వెళ్లాడు. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నాకు తీర్థం వద్దు కాకా."

అతను ఉద్ధరిణి మళ్లీ పాత్రలో పెట్టాడు.

"నా అంతట నేను నోరు తెరవనని పొద్దున ఫోన్‌ల సేటు ఒట్టేయించుకున్నడు" అంది నిఖిల. "నువ్వడిగితే మాత్రం చెప్త. మూడింటికి వికారాబాద్ బండి ఉన్నది. పొద్దుగూకకముందే చేరాలె. ఆడ అంత నీ కోసమే ఆపి పెట్టినం."

ఎందుకొచ్చినవ్ బిడ్డా? ఒక్క మాట. ఆ మాట అడిగితే చాలు, అన్న దగ్గరికి పోవచ్చు. అడిగిన మరుక్షణం చేతిలో ఉన్న తీర్థపాత్ర మైలపడుతుంది. పీటల మీద ఉన్న సీతారాముల్ని లోపలికి తీసుకుపోయే చెయ్యి ఉండదు. ఎండలో, ఆకలితో, పెళ్లిబట్టల్లో అలాగే కూర్చుంటారు. అతను వెనక్కి తిరిగి చూశాడు. కొబ్బరికాయలు పట్టుకుని జనం వరుసలో నిలబడి ఉన్నారు. ఈ ముప్పై ఏళ్లలో దేవుడి మీద అంత కసి అతనికెప్పుడూ కలగలేదు. అంత జాలీ కలగలేదు.

"జర ఆగు బిడ్డా" అన్నాడు. "వీళ్ల అర్చన ఒక్కటి కానియ్యి. విగ్రహాలు లోపల పెట్టి వస్త."

"వస్తవా?"

"వస్త."

నిఖిల గేటు పట్టుకుని నిలబడింది. శ్రీహరి గబగబా లోపలికి పోయి గోత్రనామాలు అందుకున్నాడు. ఒక్కొక్కరి పేరూ అయిపోయింది. చివర్న అలవాటు ప్రకారం "కౌండిన్యస గోత్రోద్భవస్య..." అని ఆగిపోయాడు. చెప్పకపోతే అన్న లేడని తెలిసినట్టు. చెప్తే ఏమిటి చెప్పేది, ఎవరికి ఆయుష్షు కోరేది? వరుసలో అందరూ తలెత్తి చూశారు.

వెనకనుంచి సుధాకర్ సేటు మెల్లగా అందించాడు. "సోమేశ్వర శర్మ."

"సోమేశ్వర శర్మ నామధేయస్య" అన్నాడు శ్రీహరి. అన్నాక ఇక ఆగలేదు, గేటు దాకా వినిపించే గొంతుతో ఆయురారోగ్యాలు కోరి, హారతి వెలిగించి, గంట వాయించాడు.

హారతి పళ్లెంతో ఇటు తిరిగేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. తండ్రికి కొరివి పెట్టడానికి నిఖిల ఒక్కతే వెళ్లిపోయింది.