బీరువా అరలోని ఖాకీ కాగితం, మౌలాలిలో ఎర్ర గిటార్

నాకు గిటార్ వాయించడం రాదు. అలాంటిదాన్ని కాకినాడ నుంచి సికింద్రాబాద్ దాకా ఒక గిటార్ చేయించడానికి వెళ్లానంటే కారణం మా తమ్ముడు దయాకర్. పోయిన ఏడాది గుండెపోటుతో పోయాడు. నలభై నాలుగేళ్లు నిండాయో లేదో. వాడికి ప్రాణమంతా ఇమ్మానుయేలు మాస్టర్ గిటార్ మీదే ఉండేది. సినిమా రికార్డింగుల్లోనూ ఆర్కెస్ట్రా స్టేజీల మీదా ఆయన వాయించిన ఆ ముదురెరుపు ఎలక్ట్రిక్ గిటార్‌ని మా వైపు పోస్టర్లలో చూడనివాళ్లు లేరు. ఇరవై రెండేళ్ల వయసులో మావాడు ఎవరికీ చెప్పకుండా బండెక్కి, మాస్టర్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, ఆ గిటార్ ఆకారాన్ని ఒక పెద్ద ఖాకీ కాగితం మీద పెన్సిల్‌తో గీసుకొచ్చాడు. "అక్కా, అచ్చం ఇలాంటిదే చేయించుకుందాం" అని నా చేతికిచ్చాడు. నాన్న పోయాక ఇల్లు నడుపుతున్నది నేనే. ముందు ఉద్యోగం చూసుకో, తర్వాత చూద్దాం అన్నాను. కాగితం మాత్రం గట్టిగా, బాగుంది. మడిచి బీరువా అరలో చీరల కింద పరిచాను.

పరిచి మర్చిపోయాను. పైన వేసే కాగితాలు ఏటేటా మార్చాను గానీ అడుగుదాన్ని కదపలేదు. దయాకర్ ఒక కంపెనీ ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. ఆదివారాలు చర్చి క్వయర్‌లో అరువు తెచ్చిన గిటార్ వాయించేవాడు. ఆ కాగితం ఏదక్కా అని ఒక్కసారి కూడా అడగలేదు. ఈ వేసవి సెలవుల్లో బీరువా ఖాళీ చేస్తుంటే అది బయటపడింది. అరగంట సేపు చీరల మధ్య నేల మీదే కూర్చుండిపోయాను. వాడి మొదటి సంవత్సరం జ్ఞాపకార్థ కూడిక అక్టోబరులో ఉంది. ఆ రోజుకి అలాంటి గిటార్ చేయించి, వాడు వాయించిన క్వయర్‌కే ఇవ్వాలనుకున్నాను. వాడు బతికుండగా చేయలేని పని ఇప్పుడైనా తప్పుల్లేకుండా చేయాలని నా పట్టుదల.

క్వయర్ వాళ్ల ద్వారా మౌలాలిలో గిటార్లు చేసే యాదగిరి గారి నంబరు దొరికింది. ఫోన్లో ఆయన మాట కచ్చితంగా ఉంది. "ఫోన్ల ఆర్డర్ పట్టను మేడం. కాగితం నా కండ్లకు వడాలె." అలా జూలైలో ఒక శనివారం పొద్దున్న ఏడింటికి సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగాను. ముసురు పట్టి ఉంది. వెయిటింగ్ రూములో మొహం కడుక్కుని, స్టేషన్ ఎదురు సందులో రెండు ఇడ్లీ, ఒక టీ తీసుకుంటే డెబ్బై రూపాయలైంది. మౌలాలికి ఎం.ఎం.టి.ఎస్ బండి ఉంది, టికెట్టు నామమాత్రమే. కానీ ఆ వైపు బండ్లు తక్కువ, నా వేళకి లేదు. ఆటో నూట యాభైకి కుదిరింది. కాగితం నలగకుండా ప్లాస్టిక్ గొట్టంలో చుట్టి తెచ్చాను. డ్రైవర్ అద్దంలోంచి దాన్ని రెండుసార్లు చూశాడు.

"ఏందమ్మా గది, ఇంటి నక్షానా?"

"గిటార్ నక్షా బాబూ."

"గిటార్‌కు సుత నక్షా ఉంటదా! ఎవరు వాయిస్తరు, మీరా?"

మా తమ్ముడి కోసం అన్నాను. అంతకన్నా చెప్పాలనిపించలేదు. అతను మళ్లీ అడగలేదు. రైల్వే క్వార్టర్లు దాటాక, గుట్ట కనబడే మలుపులో దింపి, గొట్టాన్ని తనే జాగ్రత్తగా తీసి నా చేతికిచ్చాడు.

యాదగిరి గారు రైలు పెట్టెల వర్క్‌షాపులో చెక్కపని చేసి రిటైరైన మనిషి. అరవై అయిదు దాటి ఉంటాయి. ఇంటి వెనక రేకుల షెడ్డే ఆయన కార్ఖానా. గోడకి నాలుగు గిటార్లు, సగం చెక్కినవి, వేలాడుతున్నాయి. కాగితం బల్ల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు ఉలులు పెట్టారు. షెడ్డంతా కలరా ఉండల వాసన. అది మా బీరువాది, సిగ్గేసింది. నేను తెలిసినదానిలా ముందే చెప్పేశాను, ఇది ఎడమచేతి వాటం గిటారండీ అని. గిటార్ ఒంటికి పైన రెండు కొమ్ముల్లాంటివి ఉంటాయి, ఒకటి పొడవు, ఒకటి పొట్టి. పోస్టర్లలో పొడవుది ఒక పక్కన ఉంటే, మావాడి బొమ్మలో రెండో పక్కన ఉంది. వాడు తొందరలో తప్పుగా గీశాడో, మాస్టర్‌కి రెండు గిటార్లున్నాయో అని నెల రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

యాదగిరి గారు కాగితం ఎత్తి, వెనక్కి తిప్పి, కిటికీ వెలుగుకి పట్టారు. పెన్సిల్ గీత ఇవతలికి కనబడుతోంది. అచ్చం పోస్టర్‌లోని గిటార్.

"మీ తమ్ముడు తప్పు గియ్యలే మేడం. ముందట తీగలు, మీటలు ఉంటయ్, కాగితం సక్కగ పరుసుకోదు. గందుకే గిటార్‌ను పరుపు మీద బోర్లేసి, ఎన్క దిక్కు కాగితం పరిసి అంచు వట్టి గీసిండు. గిది ఎన్కనుంచి సూసిన బొమ్మ. హుషారున్నడు పిలగాడు."

నేను తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్తాను. అద్దంలోని ప్రతిబింబానికి కుడి ఎడమలు తారుమారవుతాయని ఏటా బోర్డు మీద గీసి చూపిస్తాను. నా తమ్ముడి కాగితం దగ్గర మాత్రం తప్పు వాడిదే అనుకున్నాను. అది నాకు కొత్త అలవాటేం కాదు.

బొమ్మ నడుమ జానెడు పొడవున ఒక గడి గీసి ఉంది. అందులో వాడి చేతిరాతతో 'ఖాళీ' అని ఉంది. బ్యాటరీ పెట్టే చోటేమో అన్నాను. యాదగిరి గారు తల అడ్డంగా ఊపారు. "బ్యాటరీ గీట్రీ ఏం లేదు. అసలు గిటార్ ఎన్క గాడ ఒక పేరు రాసుంటది. అది మా నాయిన చేసిన గిటారే. నేను రెండుసార్లు మరమ్మతు చేసిన." ఎవరి పేరని అడిగితే చెప్పలేదు. "కాప్రాల మాస్టర్ భార్య, కరుణమ్మ ఉన్నది. గిటార్ ఆమెకాడనే ఉంది. నేను ఫోన్ చేస్త, పోయి సూసి రాండ్రి. మీ గిటార్ మీద ఎవరి పేరో తేల్చుకొని రాండ్రి. ఎవరి కోసమో పచ్చి చెక్క మీద రాసినంకనే రంపం వట్టాలె. మా నాయిన పద్ధతి. గది తేలనిది నేను షురూ చెయ్య." ఖర్చు మాత్రం అప్పుడే చెప్పారు: శబ్దాన్ని పట్టే అయస్కాంతపు ముక్కలతో కలిపి నలభై రెండు వేలు, రెండు నెలల గడువు.

మౌలాలి నుంచి కాప్రా చెరువు వైపు ఆటోకి నూట ఇరవై. పదకొండున్నరకి చేరాను. కరుణమ్మ గారు రిటైరైన టీచరు. "వందనాలమ్మా, రండి" అని తలుపు తీశారు. ఆవిడ ముందు నా మొహం చూడలేదు, గొట్టంలోంచి తీస్తున్న కాగితాన్ని చూశారు. మూల మీద మాసిపోయిన ముద్ర ఒకటి ఉంది. నేను ఇన్నాళ్లూ అది కాకినాడ కొట్టుదే అనుకున్నాను.

"ఇది నేనిచ్చిన కాగితమే. జనరల్ బజార్‌లో చీరలు కొంటే చుట్టిచ్చారు. ఆ అబ్బాయి మీకేమవుతాడు?"

తమ్ముడన్నాను. ఇప్పుడు లేడని కూడా చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. తర్వాత లోపలికెళ్లి, దుప్పటిలో చుట్టిన గిటార్ తెచ్చి మంచం మీద బోర్లా పడుకోబెట్టారు. ఎరుపు రంగు మీద తెల్ల పెయింటుతో, చర్చి బల్లల మీద రాసే ఆ గుండ్రటి అక్షరాలు: 'ప్రభువునందు నిద్రించిన మార్తమ్మ గారి జ్ఞాపకార్థం.' కింద చిన్నగా 'కుటుంబ సభ్యుల సమర్పణ' అని ఉంది. మా చర్చిలో ఫ్యాను రెక్కల మీద, గోడ గడియారం మీద, హార్మోనియం పెట్టె మీద ఇలాంటి పేర్లు చదువుకుంటూనే పెరిగాను. ఇంత పేరున్న గిటార్ వెనక ఆ రాత ఉంటుందని మాత్రం ఊహించలేదు. వాయించేటప్పుడు అది ఆయన చొక్కాకి ఆనుకుని ఉంటుంది కాబట్టి ఏ పోస్టర్‌లోనూ పడలేదు.

కరుణమ్మ గారు చెప్పిన కథ ఇది. ఇక్కడి ఒక చర్చి సంఘంలో మార్తమ్మ అనే ఆవిడ చనిపోతే, ఇంట్లోవాళ్లు ఆమె జ్ఞాపకార్థం క్వయర్‌కి ఈ గిటార్ చేయించి ఇచ్చారు. రెండు ఆదివారాలు గడవకుండానే, కరెంటు మోత ఆరాధనకి పనికిరాదని పెద్దలు తేల్చారు. దేవుడికిచ్చింది వెనక్కి తీసుకోకూడదని ఆ కుటుంబం దాన్ని వాయించే కుర్రాడికే వదిలేసింది. ఆ కుర్రాడే తర్వాత ఇమ్మానుయేలు మాస్టర్.

"పేరు చెరిపించి రంగేయించుకోండని ఎంతమంది చెప్పారో. ఈయన వినలేదమ్మా. 'నాకు గిటార్ వచ్చిందంటే ఆవిడ వల్లే. ముఖం ఎరగను, పేరన్నా ఉండనీ' అనేవారు. పోయేదాకా ఉంచుకున్నారు."

"మా తమ్ముడు ఇది చూశాడా?" అనడిగాను.

"చూడ్డమేంటి, ఈ అక్షరాల మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. నాకు బాగా గుర్తు. గిటార్ చూడ్డానికి వచ్చినవాళ్లంతా ముందువైపే చూసేవారు. ఈయన నవ్వి, మరి నీ గిటార్ మీద ఎవరి పేరు రాయిస్తావురా అన్నారు. ఆ అబ్బాయి ఏమన్నాడంటే, ఎవరి పేరో ఇచ్చేవాళ్లు చెప్పాలి కదండీ, నాకు చేయించి ఇచ్చేది మా రూతక్క, అక్కే చెప్తుంది, అందాకా ఖాళీగా ఉంచుతాను అన్నాడు."

రూతు నా పేరు. ఆవిడకి నేనింకా చెప్పలేదు.

ఆ మంచం అంచున కూర్చుని ఏడ్చాను. వాడు పోయిన రోజున పనుల్లో పడి సరిగా ఏడవలేదు, అదీ ఇదీ కలిసి వచ్చేసింది. ఆ తర్వాత వాడు ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదంటే నా మీద కోపమేమో అనుకున్నాను. వాడు అడగాల్సిన అవసరమే లేదనుకున్నాడు. అక్క చేయిస్తుందని మాస్టర్ ముందే చెప్పేసి, గడి గీసి, కాగితం నా చేతుల్లో పెట్టి ఊరుకున్నాడు. కరుణమ్మ గారు పప్పు, వంకాయ కూర వడ్డించి, తినేదాకా కదలనివ్వలేదు. వచ్చేటప్పుడు గిటార్ మీద చెయ్యి వేసి చిన్న ప్రార్థన చేశారు. అందులో దయాకర్ పేరుతో పాటు మార్తమ్మ గారి పేరు కూడా చెప్పారు.

మూడున్నరకి మళ్లీ మౌలాలి. యాదగిరి గారు అప్పటికే టేకు పలక చిత్రిక పట్టి సిద్ధంగా ఉంచారు. పేరు తేలిందా అని అడిగి, తన పెన్సిల్ నా చేతికిచ్చారు. 'ప్రభువునందు నిద్రించిన దయాకర్ జ్ఞాపకార్థం' అని బోర్డు మీద రాసినట్టే నిదానంగా రాసి పెన్సిల్ తిరిగిచ్చాను. ఆయన తీసుకోలేదు.

"కింద ఇచ్చినోళ్ల పేరుంటది కదా."

"నా పేరొద్దండీ. ఇరవై రెండేళ్లు ఆలస్యంగా ఇస్తున్నాను. ఏ మొహంతో రాసుకోను?"

కాప్రాలో విన్నదంతా అప్పుడు ఆయనకి చెప్పాను. ఆయన పలక మీది రంపపు పొట్టు అరచేత్తో తుడిచి, గడిలో మిగిలిన చోటు చూపించారు. "అక్క ఇస్తదని మీ తమ్ముడు మాట ఇచ్చిండు మేడం. మీరు రాయకుంటే ఆయన మాట తప్పు వడ్తది." నేను 'అక్క రూతు సమర్పణ' అని రాశాను. యాదగిరి గారు ఒకసారి పైకి చదివి, పలకని బల్లకి బిగించి, రంపం అందుకున్నారు. మొదటి కోత పడేదాకా నిలబడి చూశాను. సాయంత్రం బండికి సికింద్రాబాద్ చేరేసరికి ముసురు తగ్గింది.

ఈ ప్రయాణం నా మనసుని తేలిక చేసిందని రాస్తే అబద్ధం. అక్టోబరులో ఆ గిటార్ మా చర్చిలో మోగుతుంది, వాయించేది వాడు కాదు, అది మారదు. కానీ వాడు నన్ను తిట్టుకుంటూ పోయాడేమో అని సంవత్సరంగా మోస్తున్న భయం మాత్రం కాప్రాలోనే వదిలేసి వచ్చాను. వాడికి నా మీద కోపం లేదు. నమ్మకం ఉంది. కోపమే అయితే నాకు సులువుగా ఉండేది. నమ్మకాన్ని ఏం చేసుకోవాలో ఇంకా తెలియడం లేదు. క్వయర్ పిల్లలు దాన్ని బోర్లించి ఆ పేర్లు చదివినప్పుడల్లా చెప్పడానికి మాత్రం నా దగ్గర ఒక కథ ఉంది.

ఇలాంటి నకలు చేయించుకోవాలనుకునేవాళ్లకి ఒక్క సలహా: కొలతల కాగితం మడవకండి, గొట్టంలో చుట్టండి, అది ఏ వైపు నుంచి గీసినదో మూల మీద రాసి పెట్టండి. బయల్దేరే ముందు మీ ఇంట్లో బీరువా అరలు కూడా ఒకసారి అడుగుదాకా తీసి చూసుకోండి.