కొట్టారండీ

నేను వీడియో ఇంటర్వ్యూలు తీయడం నేర్చుకున్నది పగిలిన తలల దగ్గర. సూర్యాపేటలో మా యూట్యూబ్ ఛానల్‌కు ఒక అద్దె గది, ఇద్దరమే మనుషులం. పెళ్లి వీడియోలు తీసీ తీసీ విసుగొచ్చి వార్తల్లోకి దిగిన అన్న ఒకడు, బీఈడీ చేసి ఉద్యోగం రాక అతని దగ్గర చేరిన నేను ఒకదాన్ని. కొట్లాట ఎక్కడ జరిగితే అక్కడికి బండి మీద పోయేవాళ్లం. మా దిక్కున కొట్లాటలకు కరువేముంది?

మొదటి ఇంటర్వ్యూ కోదాడలో. పొలం గట్టు తగాదాలో సొంత తమ్ముడే చెవి కొరికేసిన మనిషి. కట్టు విప్పి మరీ చూపించాడు. నేను కెమెరాను కదలనివ్వలేదు. తీరా ఆఫీసుకొచ్చి చూస్తే మొత్తం నా గొంతే! అతను ఒక్కో మాట చెప్పినప్పుడల్లా "ఊ... ఊ... అయ్యో..." అని ఊ కొడుతూనే ఉన్నాను.

"కథ ఇంటున్నవా, వీడియో తీస్తున్నవా?" అన్న అరిచాడు. "నోరు మూసుకొని తలకాయ ఊపు. ఇంకోసారి ఊ కొట్టినవంటే మైకుతోనే కొడ్త."

"కొట్టి సూడు. ఆ కెమెరా నీ నెత్తిమీదనే పలుగుతది" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా నేర్చుకున్నాను. నాలుక పళ్ల మధ్య బిగబట్టి, ఎదుటి మనిషి రక్తం గురించి చెబుతుంటే తల మాత్రం ఊపడం వచ్చింది.

ఆ వానకాలం నాట్లప్పుడు, వేములపల్లి దిక్కున ఒక ఊళ్లో గొర్రెలు వరిలో పడ్డాయని ముగ్గురు అన్నదమ్ములు కాపరిని పట్టుకున్నారు. గొడ్డలి కామతో, ఆ కట్టె పిడితోనే, రెండు మోకాళ్లూ నుజ్జు చేశారు. ఊరంతా చూసింది. ఊరంతా "మాకు తెల్వదు" అంది. పక్క మడిలో నాటేస్తున్న కూలీ ఆమె ఒక్కతే చెప్తానంది. వీడియో బయటికొస్తే ఇంకో ఇద్దరైనా నోరు విప్పుతారని, అప్పుడు అందరూ కలిసి పోలీసులకు సాక్ష్యం ఇవ్వొచ్చని ఆమె ఆశ.

"ఇద్దరు ఆడపిల్లలండీ నాకు. మాట్లాడింది నేనని తెలిస్తే నన్ను బతకనివ్వరండీ" అంది.

"నువ్వని ఎవ్వరికీ తెల్వదక్కా. నాది జిమ్మ" అన్నాను. అంత తేలిగ్గా ఎట్లా పూచీ పడ్డానో!

ఆమెను మిర్యాలగూడలో తెలిసినవాళ్ల ఇంటికి పిలిపించాను. కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టాను. వెలుగంతా వెనక, ముఖమంతా నలుపు. తల మీదుగా కొంగు కప్పించాను. చేతి మీద పచ్చబొట్టు ఉందని చేతులు ఫ్రేములోకి రానివ్వలేదు. ఆమె పుట్టిల్లు కోదాడ అవతల, ఆంధ్ర సరిహద్దు పక్కన. పెళ్లయి పన్నెండేళ్లయినా పుట్టింటి మాటే. "కామతో కొట్టారండీ. వద్దండీ, చచ్చిపోతాడండీ అని మొత్తుకున్నానండీ. ఎముక విరిగింది నాకు వినపడిందండీ." అంత ఘోరం చెబుతూ కూడా ఆ మర్యాద! ఒక్క "అండీ" కూడా కత్తిరించలేదు. గొంతును మాత్రం కంప్యూటర్లో మగగొంతులా మొద్దుగా మార్చాను.

అన్న చూసి భుజం తట్టాడు. "గిప్పుడొచ్చింది చెల్లె నీకు పని." ఆ సాయంత్రమే ఛానల్లో పెట్టి పొంగిపోయాను. నా పొంగు తగలబడ!

మర్నాడు పొద్దున ఆమె పెద్దకూతురు ఫోన్ చేసింది. "మా అమ్మను కొట్టిన్రు మేడం. మిర్యాలగూడ దవాఖానల ఉన్నం."

పోయి చూస్తే ఆమె పై పెదవికి కుట్లు, ముందు పళ్లు రెండు లేవు, కుడి మణికట్టు విరిగింది. ఆ అన్నదమ్ములు జుట్టు పట్టుకుని మడిలోకి ఈడ్చారట. బురదలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఒక్కో దెబ్బకు "అనవే... అండీ అనవే!" అని కొట్టారట.

"మొఖం రాలేదు కదమ్మా, ఎట్ల తెలిసింది?" అని అడిగాను, సిగ్గులేకుండా.

పిల్ల నన్ను వింతగా చూసింది. "ఊరు మొత్తంల అండీ అనేది మా అమ్మ ఒక్కతే గద మేడం."

ముఖం దాచాను, చేతులు దాచాను, గొంతు మార్చాను. మాటను వదిలేశాను. ఆ ముగ్గురినీ నరకాలన్నంత కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ నా మీద నాకే వచ్చింది. వరండాలోకి పోయి అన్నకు ఫోన్ చేసి వీడియో తీసేయమని అరిచాను. తీసేశాడు. తీసేసి ఏం లాభం, అప్పటికే అందరి ఫోన్లలోనూ ఉంది.

లోపలికి వచ్చేసరికి కానిస్టేబుల్ కాగితం పట్టుకుని ఆమె మంచం పక్కన నిలబడ్డాడు. "ఆ గొర్లాయనను ఎవరు కొట్టిన్రో నువ్వు సూసినవా? నిన్నెవరు కొట్టిన్రు?"

ఆమె మంచం చివర కూర్చున్న కూతుళ్లిద్దరినీ చూసింది. తర్వాత నన్ను చూసింది. తిడితే బాగుండును. తిట్టలేదు. కుట్ల మధ్య నుంచి మెల్లగా అంది.

"నేనేం సూడలే సారు. గట్టు మీద జారి పడ్డ. గంతే."

పన్నెండేళ్ల కాపురంలో రాని మా మాట, ఆమెకు ఒక్క పూటలో వచ్చింది.