ఒకటో వరుసలో తప్పు

గిద్దలూరులో నా పరువు ఒక్క పూటలో ఎలా పోయిందో చెబుతాను. దాంతోపాటు మా మేనకోడలు సరళ ఉద్యోగం కూడా పోయేదే. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నేను చదివింది ఎనిమిది. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పని మానేశాక, పాత పుస్తకాలు ముందేసుకుని కంప్యూటర్లను నడిపించే లినక్సును సొంతంగా నేర్చుకున్నాను. గురువు లేడు, అందుకే పొగరు రెండింతలు.

సరళ ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసేది, టెంపరరీగా. నేను చెప్పే రోజు మధ్యాహ్నం తనిఖీ. ఒక పెద్ద కంప్యూటర్ లోపల పది ఉత్తుత్తి కంప్యూటర్లు లినక్సుతో నడుస్తూ కనబడాలి. కనబడితే ఆమె పోస్టు పర్మనెంటు, లేకపోతే ల్యాబు ఇంకొకరికి. "నేను లేనూ?" అంటూ దిగాను.

లినక్సు కంప్యూటర్లోకి ఎక్కేటప్పుడు భాష ఏది, డిస్కు ఏది అని పెళ్లిచూపుల్లో ముసలమ్మలా ప్రశ్నలేస్తుంది. జవాబులన్నీ ఒక ఫైలులో రాసిపెడితే, అది చదువుకుని తనంతట తానే ఎక్కేస్తుంది. ఆ ఫైలు ఇంట్లో రాసి, నడిపించి చూసి, చక్కగా సాపు చేసి పెన్‌డ్రైవులో తెచ్చాను.

పెట్టగానే ఆ పదిలో మొదటి మిషను ఆగిపోయింది, బేస్తవారిపేట రోడ్డు మీద గొర్రెల మంద అడ్డమొచ్చిన బస్సులాగా. తెర మీద ఇంగ్లీషులో 'ఒకటో వరుసలో తప్పు. ఈ మాట నాకు తెలియదు' అని వచ్చింది. మాట ఉండాల్సిన చోట నాలుగు ఖాళీ డబ్బాలు!

"మామా, ఫైలు ఒకసారి నన్ను చూడనీ."

"నా ఫైలుకేమయింది? ఇంటికాడ గుర్రం మాదిరి ఉరికింది. జబ్బు నీ మిషనుకే. అక్షరాలు కూడా పలకలేక డబ్బాలు కక్కుతా ఉంది, చూడు!"

ఒకటో వరుస చూశాను. భాష ఇంగ్లీషు అని ఉంది. కొట్టేసి మళ్లీ రాశాను. అదే తప్పు. ఆ వరుసనే పీకేశాను. అయినా ఒకటో వరుసలో తప్పట! లేని వరుసలో తప్పులు పట్టే మిషనును మీరెక్కడైనా చూశారా? వరుసను తిరిగి పెట్టి పళ్లు నూరుకుంటుండగా ప్రిన్సిపాల్ వచ్చాడు.

"ఏంది పెద్దాయనా, అయిందా?"

"నా పని ఎప్పుడో అయింది సారూ. ఈ పిల్లే మిషన్లు సరిగ్గా పెట్టలే."

ఆయన ఆమెను ఎగాదిగా చూసి, "అట్లయితే వేరే మనిషిని చూసుకోవాల" అని వెళ్లిపోయాడు.

సరళ కీబోర్డు లాక్కుంది. "లెయ్ మామా. ఒకటో వరుసలో ఏముంది?"

"భాష."

"దాని పైన?"

"పైన శ్రీ."

"శ్రీ ఏంది?"

"శ్రీయే! పైన శ్రీ పెట్టకుండా ఏ కాగితమైనా రాస్తామా? సాపు చేసేటప్పుడు పెట్టినా."

"మిషను లెక్క ఆడి నుంచే మొదలు మామా. తెలుగు రాక డబ్బాలు చూపిస్తా ఉంది."

"అది వరుసేందే? అది శ్రీ!" అన్నాను గానీ, అంటుండగానే నాకూ వెలిగింది. సరళ వేలు డిలీట్ మీదికి పోయింది. "అమ్మో, శ్రీని చెరిపేస్తావా?"

"చెరపనులే. ముందర జల్లెడ మాదిరి ఉండే ఈ # గుర్తు పెడితే మిషను ఆ వరుసను చదవకుండా దాటుకుంటాది. అమ్మవారు అమ్మవారి చోటే ఉంటాది."

కంచెలో కంత దొరికిన మేకల్లా పది మిషన్లూ పరుగందుకున్నాయి.

"సారుకు నువ్వు చెప్పుకో పాపా, నాకు బస్సుంది" అని లేచాను.

"అట్ల కుదరదు. అనింది నువ్వు, మాటపడింది నేను. నువ్వే పోయి చెప్పు."

వెళ్లి చెప్పాను. కాళ్ల వైపే చూస్తూ చెప్పాను. ప్రిన్సిపాల్ ఒక తెల్లకాగితం నా ముందుకు తోసి, "రాసియ్యి" అన్నాడు.

సరళ పోస్టు పర్మనెంటయింది. ల్యాబు గోడ మీద నా కాగితమూ పర్మనెంటయింది. పిల్లలు రోజూ చదువుతారట:

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, తప్పు నాది, మాటపడినది మా మేనకోడలు. ఇకమీదట యంత్రము ఒకటో వరుస అన్నచో ఒకటో వరుసనే చూచెదననియు, ఎదుటి మనిషిని అనబోవు ముందు నా ఫైలు ఆ మనిషికే చూపెదననియు, బస్సు వంకతో పారిపోననియు నిండు మనస్సుతో ప్రమాణము చేయుచున్నాను."