పోటు దిగిన ఆదివారం

ఆ రోజుల్లో నా అంత తెలివైనది మా పేటలో లేదని నా నమ్మకం. (ఇప్పుడా బెంగ లేదు.) అయిదో తరగతితో బడి మానేసి, అల్లవరం దిగువన మడ అడవిలో మా మేనత్తతో పీతలు పట్టేదాన్ని. సర్కారు కాపాడే అడవే అయినా, ఆదివారమొస్తే షికారు బోట్లు పాటలపెట్టె మోగిస్తూ పాయలోకి దూరేవి. ఆ మోతకి పీతలు బొరియల్లోంచి బయటికొచ్చేవి కావు. మోటారు పంకా తగిలి మా వలలు తెగేవి. మూడో వల కూడా తెగినరోజున అత్త, "ఇంక నావల్ల కాదే అమ్మాయ్! పాయ వదిలేసి రొయ్యల చెరువు కూలికి పోతాను," అంది. అత్త లేని పాయని తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే దుర్బుద్ధీ వచ్చింది.

ఆ తరవాతి ఆదివారం నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన బోటుకి దోనెలో ఎదురెళ్ళి, "లోపలి పాయలో నీడ బావుంటదండీ, అక్కడ కట్టుకోండి," అన్నాను మహా మర్యాదగా. ఇంకో గంటలో పోటు దిగిపోతుందనీ, సాయంత్రం దాకా అక్కడ బురద తప్ప మరేమీ ఉండదనీ చెప్పలేదు. (ఆయన అడగలేదు కదా!) వాళ్ళ తిప్పలు కళ్ళారా చూడాలని పక్కనే ఓ మడచెట్టు వేరుకి నా దోనె కూడా కట్టుకుని కూర్చున్నాను. పోటు దిగింది. బోటు బురదలో కూర్చుంది. నా దోనె కూడా!

"ఏమ్మా, నీ దోనె కూడా కదలదేంటి?" అన్నారాయన.

"దానిక్కూడా నీడ బావుందండీ, ఆయ్!" అన్నాను.

కాసేపటికి పాటలపెట్టె ఛార్జింగు అయిపోయి నోరు మూసుకుంది. ఆ నిశ్శబ్దానికి ఎర్రపీతలు ఒక్కొక్కటే పైకొచ్చి కొండి ఊపడం మొదలెట్టాయి. నీటికుక్కలు పిల్లలతో సహా బురదమీద జారుతూ పోయాయి. ఆయన కళ్ళద్దాలు తీసేసి మరీ చూశారు. నా చేతిలో పులిహోర పొట్లం పెట్టి, "ఈ చెట్ల వేళ్ళేంటమ్మా ఇలా పైకి పొడుచుకొచ్చాయి?" అనడిగారు. మా అత్త మాటలే అప్పజెప్పాను: "గాలివానొస్తే ముందు దెబ్బ ఈ చెట్లే కాసుకుంటాయండీ, తరవాతే మా ఊరు. మీరు తినే రొయ్య కూడా చిన్నప్పుడు ఈ వేళ్ళ సందునే పెరుగుద్దండీ."

సాయంత్రం పోటెక్కాక ఇల్లు చేరితే అత్త, "నీళ్ళల్లో పుట్టిన పిల్ల, దోనెతో సహా దిగబడిపోయిందంటమ్మా!" అని పేటంతా వినేలా నవ్వింది.

పై ఆదివారం మూడు బోట్లొచ్చాయి. "ఆ బురదలో కూర్చోబెట్టే చోటు ఎక్కడండీ?" అని అడుగుతూ! నేను అత్త వెనక దాక్కున్నాను. అత్త మాత్రం బెదరలేదు: "బోటు ఇక్కడే ఆపి, పాటలపెట్టె కట్టేసి, మా దోనెలెక్కితే చూపిత్తామండీ."

అత్త కూలికి పోలేదు. వల మళ్ళీ తెగలేదు. ఇప్పటికీ ఆదివారాలు దోనె నడిపేది నేనే. ఆ వేరు మీద తాడు ఒరిసిన మచ్చ ఇంకా ఉంది. అక్కడికి రాగానే, "పోటు దిగుతోందే, దోనె విప్పుకో!" అని అప్పటి ఆ పిల్లని కేకెయ్యాలనిపిస్తుంది. మళ్ళీ, ఎందుకులే అని తెడ్డు వేస్తాను.