ఉప్పు వేసిన నిమ్మరసం

మా మేనత్త పోయి ఇవాళ్టికి ఇరవై రోజులు. ఆ పొద్దున నేను మిర్యాలగూడలో పాఠాలు చెప్పే కాలేజీకి బయలుదేరుతుంటే ఫోన్ మోగింది. తెర మీద మామ పేరు కనిపించింది. మామకు ఫోన్ చేసే అలవాటు లేదు. కబురు ఏదైనా అత్తే చెప్పేది, వెనక నుంచి ఆయన అందించే మాటలను కొట్టిపారేస్తూ చెప్పేది. ఆ రోజు వెనక ఏ గొంతూ లేదు. "మీ అత్త ఇక లేదురా" అని మాత్రం అన్నాడు. సూర్యాపేట దవాఖానలో, నిద్రలోనే పోయిందట. కొత్త రాష్ట్రం వచ్చి అప్పటికి ఆరు నెలలైనా నిండలేదు.

రాష్ట్రం ప్రస్తావన లేకుండా మా అత్త గురించి చెప్పడం కుదరదు. ఆమె సూర్యాపేట ఆడబిడ్డ. మామది పాలేరు వంతెన దాటి, ఆంధ్రలో, జగ్గయ్యపేట వైపు పోతే వచ్చే పల్లె. మా దగ్గర అటూ ఇటూ సంబంధాలు మామూలే. ఇద్దరూ కాపురం పెట్టింది నడుమనున్న కోదాడలో. ఇంటి ముందు గదిలో మామకు మోటారు వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన మోటార్లను రెండు వైపుల రైతులూ ఆయన దగ్గరికే తెచ్చేవారు.

అత్త తెలంగాణ కావాలనేది. మామ కలిసుంటేనే బాగుంటుందనేవాడు. ఇంటికి వచ్చేది ఒకటే పేపరు. అత్త తనకు నచ్చిన వార్తను గట్టిగా చదివేది, అదీ ఆయన రాగితీగ చుడుతున్నప్పుడే. చుట్టు లెక్క తప్పితే మోటారు మళ్ళీ కాలిపోతుంది కాబట్టి మామ నోరు విప్పలేడు. చూపుడువేలు ఒకటి పైకెత్తేవాడు, ఆగు చెప్తా అన్నట్టు. చుట్టు పూర్తయ్యేసరికి అత్త వంటింట్లో ఉండేది. జవాబు చెప్పాలంటే పాపం అక్కడిదాకా నడిచి వెళ్ళాలి. వెళ్ళి, కూరేంటి అని అడిగి వచ్చేవాడు.

మీరిద్దరూ ఎట్లా వేగుతున్నారని వీధిలో వాళ్ళు అడిగితే అత్త ఒకటే చెప్పేది. "నా మాట నాది, ఆయన మాట ఆయనది. కూర మాత్రం ఇద్దరిది."

ఇది చదివి ఆమె నెమ్మదస్తురాలనుకోకండి. కోపం వస్తే బియ్యం ఏరే చేతులు ఆగిపోయేవి. ఆ చేతులు ఆగాయంటే వీధి చివరిదాకా అందరం జాగ్రత్తపడేవాళ్ళం. నా మీద అవి ఒక్కసారే ఆగాయి. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కారణం కూడా అదే.

రెండువేల పది చలికాలం. కోదాడ మెయిన్ రోడ్డు మీద తెలంగాణ దీక్షా శిబిరం నడుస్తోంది. రోజుకొక సంఘం వాళ్ళు పొద్దుటి నుంచి పస్తు కూర్చుంటారు. సాయంత్రం పెద్దమనిషి ఒకరు వచ్చి నిమ్మరసం తాగించి లేపుతాడు. నేనప్పుడు అత్తవాళ్ళింట్లో ఉండి డిగ్రీ చదువుతూ శిబిరం ఏర్పాట్లన్నీ నెత్తిన వేసుకున్నాను. అదే వారం జగ్గయ్యపేటలో అవతలి వాళ్ళ సమైక్య శిబిరంలో మామ ఒకరోజు కూర్చుని వచ్చాడు. పేపర్లో ఫొటో కూడా పడింది. అత్త దాన్ని చూసి, మెడ గట్ల వంచినవేంది, మంచిగ కూసోరాదా అని నవ్వింది. నాకు మాత్రం స్నేహితుల ముందు తల కొట్టేసినట్టయింది.

ఫొటో పడిన రోజే మా శిబిరంలో మహిళల వంతు. అత్తకు షుగరు, వద్దన్నా వినకుండా వచ్చి ముందు వరసలోనే కూర్చుంది. సాయంత్రమయ్యేసరికి మామ స్టీలు ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. శిబిరంలో ఇచ్చే రసంలో చక్కెర ఉంటుందని, ఆమె కోసం ఉప్పు వేసి తెచ్చాడు. నేను ఎదురెళ్ళి ఆపాను. పదిమంది వింటుండగా అన్నాను.

"నిన్న గాడ కూసున్నవ్, ఇయ్యాల గీడికెందుకొచ్చినవ్? నీ చేతి రసం మాకొద్దు. మీ ఊరికి నువ్వు పో."

మామ ఫ్లాస్కు చంకలో పెట్టుకున్నాడు. తిరిగి వెళ్ళిపోయాడు. నాకు అప్పుడు గెలిచినట్టే అనిపించింది. దాచుకోవడం ఎందుకు, నిజంగానే అనిపించింది.

దీక్ష విరమింపజేయడానికి వచ్చిన ముసలి వకీలుగారు అత్త ముందు గ్లాసు పట్టుకుంటే ఆమె నోరు తెరవలేదు. చక్కెర లేకుండా ఇంకోటి కలిపిస్తానని నేను పరుగెత్తబోయాను.

"కలుపుకొచ్చినాయన్ని నువ్వు ఎల్లగొడితివి గద అల్లుడా. పోయి తోల్కరా."

నేను ఏదో సర్దిచెప్పబోయాను. అత్త గొంతు పెంచలేదు. ఒళ్ళో చేతులు కదలడం లేదు. "ఆయనతోటి కొట్లాడెటందుకు నేనున్న. నడుమ నీదేంది? రాష్ట్రం ఇడిపోవాలన్న గని, మొగుణ్ణి ఇడిసిపెడ్తనని అన్లేదు."

ఆమెకు చెమటలు పట్టడం నేను చూశాను. సైకిలెక్కి షాపుకు పోయాను. మామ తీగ చుడుతున్నాడు. అత్త తాగడం లేదు మామా అన్నాను. ఆయన అలవాటుగా వేలెత్తాడు, ఆ వెంటనే నా మాట చెవికెక్కినట్టుంది, తీగ వదిలేసి లేచాడు. సగం చుట్టిన తీగంతా విడిపోయి కింద పడింది. ఆయన చుట్టు మధ్యలో వదిలి లేవడం అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

శిబిరంలో ఆయన చేత్తోనే అత్త తాగింది. ఉప్పెక్కువైందని వంక కూడా పెట్టింది. వకీలుగారు లేచి మామకు తన కుర్చీ ఇచ్చారు. నినాదాలు మొదలైతే మామ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. ఆయన్ను అనమని ఎవరూ అడగలేదు. నేనొక్కణ్ణే ఆయన దగ్గరికి పోలేకపోయాను. క్షమించమని ఆ రోజూ అడగలేదు, తర్వాత నాలుగేళ్ళూ అడగలేదు.

నేనన్న మాట మాత్రం ఆయనలో ఉండిపోయింది. రాష్ట్రం విడిపోయిన మర్నాడే మా ఊరు వెళ్ళిపోతాను, ఇంకోసారి ఎవరిచేతా అనిపించుకోను అని వాళ్ళ తమ్ముడితో అన్నాడట. తెలిసి అత్త నాతో ఏమీ అనలేదు. నాకు అన్నం పెట్టడం కూడా మానలేదు. అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకునేది.

ఈ జూన్‌లో కొత్త రాష్ట్రం వచ్చింది. అత్త వీధి వీధంతా లడ్డూలు పంచింది. ఇంట్లోకి మాత్రం ఒక్కటీ తేలేదు. గెలిచినోళ్ళు ఇంట్ల సప్పుడు జేయొద్దని నాకు చెప్పింది. మర్నాడు పొద్దున మామ సంచీ సర్దుకున్నాడు. నేను గడపలో నిలబడి ఉన్నాను. అత్త ఆపలేదు, ఏడవలేదు. "పోయి రా. పొద్దుగూకినంక బువ్వ యాళ్ళకు అందుకో" అంది, బజారుకు పోతున్నవాడికి చెప్పినట్టు. చీకటి పడకముందే తిరిగొచ్చి కోదాడలో బస్సు దిగాడు మామ. సంచీ నిండా వాళ్ళ తమ్ముడి పెరట్లో కాసిన నిమ్మకాయలు.

అత్త పదకొండో రోజున ఆ తమ్ముడు వచ్చాడు. ఒంటరిగా ఎందుకు అన్నయ్యా, మన ఊరికి రా అని బతిమాలాడు. మామ అవుననలేదు, కాదనలేదు. కార్యమంతా ముగిసి చుట్టాలు వెళ్ళిపోయాక సాయంత్రం షాపులోకి పోయి కూర్చున్నాడు. ఎవరిదో నారుమడి ఎండిపోతోందట, మోటారు తొందరగా కావాలట. నేను పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని, నాలుగేళ్ళుగా అనని మాట అన్నాను.

"తప్పయింది మామా. నువ్వు పోకు. గీడనే ఉండు."

మామ తల ఎత్తలేదు. చూపుడువేలు పైకి లేచింది. నేను ఆగాను. లోపల వంటింట్లో ఏ చప్పుడూ లేదు. ఆయన పెదవుల మీద అంకెలు కదులుతూనే ఉన్నాయి. చివరి చుట్టు వేసి, తీగ తెంపి, దారంతో ముడి వేశాడు. అప్పుడు లేచి లోపలికి వెళ్ళాడు. కాసేపటికి రెండు గ్లాసులతో వచ్చి, ఒకటి నా చేతికిచ్చాడు.

"తాగు. పొద్దుట్నుంచీ పస్తున్నావు. ఉప్పు సరిపోయిందో లేదో చూసి చెప్పు, ఇకనుంచి చెప్పేవాళ్ళు లేరు."

ఉప్పు కాస్త ఎక్కువే అయింది. నేను చెప్పాను.